నవంబర్‌లో ఒంటిగంట రెండుసార్లొచ్చి మా అటెండెన్స్ టేబుల్ మైనస్‌లోకి పోయింది (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్)

రాత్రిడ్యూటీ:
అందరికీ నమస్తే, కాస్త పెద్ద పోస్ట్, ఓపిక చేసుకోండి. న్యూజెర్సీలో ఒక గోడౌన్ వాళ్ళ అటెండెన్స్ సిస్టమ్‌ని మేం హైదరాబాద్ నుంచి చూస్తాం, పోస్ట్‌గ్రెస్, నేను చేరకముందే కట్టేశారు. పంచ్ (వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు ట్యాబ్‌లో కొట్టే హాజరు) టేబుల్‌లో టైం కాలమ్ ఉత్త టైమ్‌స్టాంప్, ఎక్కడి టైమో చెప్పే జోన్ లేనిది, అక్కడ గోడమీద గడియారం ఎంత చూపిస్తే అంతే అందులో పడుతుంది. 2025 నవంబర్ 2 ఆదివారం, మనకి పొద్దున పదకొండూ నలభై, నేను మటన్ కొట్టు దగ్గర లైన్లో ఉన్నా, ఫోన్ మోగడం మొదలైంది. ఇంటికొచ్చి చూస్తే ఒకతను బ్రేక్‌కి వెళ్ళింది 1:52, తిరిగొచ్చింది 1:09. మైనస్ 43 నిమిషాల బ్రేక్! అక్కడ వేసవికని మార్చిలో గడియారం గంట ముందుకి తిప్పి, నవంబర్‌లో ఆ రాత్రి 2 కాగానే మళ్ళీ 1కి తిప్పుతారు, అదీ సంగతి. మా చెక్ కన్‌స్ట్రెయింట్ (తప్పు లెక్కల్ని ఆపే రూల్) ఆ బ్రేక్ రోని (ఎంట్రీని) లోపలికి రానివ్వలేదు.

అదన్నా కనపడింది కాబట్టి దొరికింది. రాత్రి 11కి ఎక్కి పొద్దున 7కి దిగినోళ్ళందరికీ 8 గంటలే లెక్కేసింది, చేసింది 9. ఒక గంట జీతం గాల్లో కలిసిపోయింది, వాళ్ళు గొడవ చేస్తున్నారు, న్యాయమే కదా. (మార్చి 9న 7 గంటలు చేస్తే 8కి డబ్బులు పడ్డాయి, అప్పుడు మాత్రం ఒక్కరూ కిక్కురుమనలేదు.) కాలమ్‌ని టైమ్‌స్టాంప్‌టీజెడ్ (టైంజోన్‌తో అని పేరున్న టైపు) చేసేస్తే జోన్ కూడా దాచుకుంటుంది కదా, సరిపోద్దా? పాత రోల సంగతేంటి?

పాతకాపు:
దాచుకోదు తమ్ముడూ, అందరూ అక్కడే పడతారు. మైసూర్ బజ్జీలో మైసూర్ ఎంతుందో టైమ్‌స్టాంప్‌టీజెడ్‌లో జోన్ అంతే ఉంటుంది. రెండు టైపులూ 8 బైట్లే. నువ్విచ్చిన టైంని యూటీసీకి (ప్రపంచమంతటికీ ఒకటే లెక్క టైం) మార్చుకుని జోన్‌ని పారేస్తుంది, మళ్ళీ చూపించేటప్పుడు నీ సెషన్‌లో (డేటాబేస్‌కి నువ్వు పెట్టుకున్న కనెక్షన్‌లో) టైంజోన్ ఏముంటే దాంట్లో చూపిస్తుంది. అందుకే ఒకటే రో నీకు 11:22 అనీ వాళ్ళకి 1:52 అనీ కనపడుతుంది, అది తప్పు కాదు.

ఇకనుంచి వచ్చే పంచ్‌లకి అదే కరెక్ట్ టైపు, కానీ ట్యాబ్ నుంచి టైం వచ్చేటప్పుడే ఆఫ్‌సెట్ (యూటీసీకి ఎన్ని గంటల తేడా అనేది) రావాలి, అంటే 1:52 మైనస్ 4 అనో, 1:09 మైనస్ 5 అనో. అప్పుడు 5:52, 6:09 యూటీసీ అవుతాయి, తీసేస్తే 17 నిమిషాలు. పాపం అతను తాగింది ఒక టీయే.

పాత కాలమ్ మార్చేటప్పుడు ఆల్టర్ టేబుల్ కమాండ్‌లో యూజింగ్ (పాత విలువని ఎలా మార్చాలో చెప్పే ముక్క) పెట్టి ఎట్ టైం జోన్ అమెరికా/న్యూయార్క్ అని రాయి. యూజింగ్ లేకుండా కొట్టావంటే సెషన్ జోన్ తీసుకుంటుంది, నీ మెషీన్‌లో ఏషియా/కోల్‌కతా ఉందనుకో, మొత్తం టేబుల్ వేసవి రోలు తొమ్మిదిన్నర, చలికాలం రోలు పదిన్నర గంటలు జరిగిపోతుంది. ఈఎస్‌టీ (అక్కడి చలికాలం టైం) అని మూడక్షరాలు కూడా రాయకు, అది ఏడాదంతా మైనస్ 5, వేసవి రోలన్నీ గంట తప్పుతాయి.

ఇంత జాగ్రత్తగా చేసినా నీ మైనస్ 43 పోదు, అది చెప్పడం మర్చిపోయేలా ఉన్నా. రెండుసార్లొచ్చే గంటలో ఏది అని పోస్ట్‌గ్రెస్ నిన్ను అడగదు, గడియారం వెనక్కి తిప్పాక ఉండే ఆఫ్‌సెటే తీసుకుంటుంది. 1:52 కూడా మైనస్ 5 కింద 6:52 అయి కూచుంటుంది. మార్చిలో అసలు లేని 2:30 ఇచ్చినా ఎర్రర్ రాదు, తిప్పకముందు ఆఫ్‌సెట్ పట్టుకుని 3:30 అని చూపిస్తుంది.

గోదారి_కుర్రోడు:
ఇంత గొడవెందుకు బ్రో, సర్వర్‌ని ఐఎస్‌టీలో (మన ఇండియా టైంలో) పెట్టేయ్, మనకి ఈ ముందుకి వెనక్కి తిప్పే గోలే లేదు కదా 😀

పాతకాపు:
రెండో ప్రపంచ యుద్ధం టైంలో మనమూ తిప్పాం బాబూ, అప్పట్లో గడియారాలు గ్రీనిచ్ టైం కంటే ఆరున్నర గంటలు ముందున్నాయి, ఇప్పుడు ఐదున్నర. సరే జోక్ పక్కన పెడితే, ఐఎస్‌టీకి మార్చాలన్నా ఈ 1:52 మొదటిదా రెండోదా అని తెలియాలిగా. రాసేటప్పుడే ఆ ముక్క పోయింది, సర్వర్ ఏ జోన్‌లో ఉన్నా తిరిగిరాదు.

ఎడిసన్_అక్క:
నేను ఇక్కడ న్యూజెర్సీలోనే ఉంటాను, ఒరాకిల్ డేటాబేస్ మీద పదిహేనేళ్ళు. మాకు మార్చిలో లేని గంట ఇస్తే 01878 ఎర్రర్ మొహాన కొడుతుంది, నవంబర్‌ది మాత్రం ఒరాకిల్ కూడా నోరు మూసుకుని స్టాండర్డ్ టైం (వెనక్కి తిప్పాక ఉండేది) అనుకుంటుంది, ఎర్రర్ ఆన్ ఓవర్‌ల్యాప్ టైం అనే సెషన్ సెట్టింగ్ ట్రూ చేస్తేనే అరుస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అయితే టైమ్‌స్టాంప్ కాలమ్‌కి లేని గంట ఇస్తే స్ట్రిక్ట్ మోడ్‌లో (తప్పు విలువల్ని ఆపే సెట్టింగ్‌లో) తీసుకోదు, డేట్‌టైమ్ కాలమ్ ఏదిచ్చినా తీసుకుంటుంది.

పాత రోలకి ఒక దారుంది. మీ టేబుల్‌లో ఐడీ సీక్వెన్స్ (రోలు వచ్చిన వరసలో పెరిగే నంబర్) ఉంటుంది కదా, నవంబర్ 2 రోలు ఐడీ వరసలో పేర్చి చూడండి, 1:58, 1:59 అని వెళ్ళి ఒకచోట టైం టక్కున 1:00కి పడుతుంది, దానికి పైన ఉన్న ఒంటిగంట రోలన్నీ మైనస్ 4, కిందవి మైనస్ 5. పై వాటిని కన్వర్ట్ అయ్యాక ఒక గంట తగ్గించండి. ట్యాబ్‌లు నెట్ లేనప్పుడు దాచుకుని తర్వాత పంపేవైతే ఈ వరసని నమ్మకండి.

ఇంకోటి, వచ్చే నెలల షిఫ్ట్ రోస్టర్‌ని యూటీసీ చెయ్యొద్దండి, రాత్రి 11 అంటే అక్కడ రాత్రి 11 అనే అర్థం, రూల్ మారినా అదే ఉండాలి. 2007లో ఇక్కడ తేదీలే మార్చేశారు, మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అయ్యాయి, అంతకుముందే యూటీసీలో రాసిపెట్టుకున్నవి గంట తప్పాయి. లోకల్ టైం ఒక కాలమ్, జోన్ పేరు ఇంకో కాలమ్ పెట్టుకోండి. రేపటికి జరిపేటప్పుడు 1 డే కలపండి, 24 అవర్స్ కాదు, పోస్ట్‌గ్రెస్‌లో అవి రెండూ వేరు, డే కలపాలంటే సెషన్ జోన్ న్యూయార్క్ ఉండాలి.

రాత్రిడ్యూటీ:
అక్కా, అన్నా, చాలా థాంక్స్. నిన్న రాత్రి టెస్ట్ కాపీ మీద చేశా. అక్క చెప్పినట్టే ఐడీ వరసలో ఒకచోట 1:59 తర్వాత 1:00 వచ్చింది, చూసి నవ్వొచ్చింది. ఆ పైన 37 రోలు గంట వెనక్కి తోశా, 11 నుంచి 7 వాళ్ళకి 9 గంటలు వచ్చాయి. బ్రేక్ 17 నిమిషాలు. లోడింగ్ డాక్ దగ్గర ట్యాబ్‌కి మాత్రం ఆ రాత్రి నెట్ లేదంట, దాంట్లోవి 3 పంచ్‌లు తెల్లారాక ఒకేసారి వచ్చి పడ్డాయి, వాటిని ముట్టుకోలేదు, ఆ ముగ్గురినీ అడిగి చెప్పమని అక్కడి సూపర్‌వైజర్‌కి మెయిల్ పెట్టా.