బ్రాయిలర్ కోళ్లకు ప్రోబయాటిక్ (పేగుకు మేలు చేసే సూక్ష్మజీవులు) నీటిలో ఇవ్వాలా, మేతలో కలపాలా?

మండపేట దగ్గర పల్లెలో 3,000 బ్రాయిలర్ కోళ్ల షెడ్డు నడుపుతున్నాను. వానలు మొదలైనప్పటి నుంచి, పక్కనే పంట కాలువ ఉండటం వల్ల కాబోలు, రోజూ తిరగేసి సున్నం చల్లుతున్నా కింద పరిచిన ఊక తడి ఆరడం లేదు. గత బ్యాచ్‌లో 20 రోజులు దాటిన కోళ్ల రెట్టలు పలచబడి, వాటిలో నారింజ రంగు జిగురు, అరగని మొక్కజొన్న నూక కనిపించాయి. చనిపోయిన కోడిని కోయించి చూస్తే పేగు గాలితో ఉబ్బి, లోపలి పొర తవుడు అంటినట్టు గరుకుగా ఉంది. డాక్టరు గారు క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే పేగు వ్యాధి అని చెప్పి యాంటీబయాటిక్ వాడించారు, తగ్గింది.

అయితే ప్రతి బ్యాచ్‌కూ యాంటీబయాటిక్ మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు. తినేవాళ్లలో మా పిల్లలూ ఉన్నారు. మన దేశంలో 2019లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా నిషేధించింది కూడా మందులకు లొంగని సూక్ష్మజీవుల భయంతోనే కదా.

అందుకే ప్రోబయాటిక్ వాడాలనుకుంటున్నాను. లాక్టోబాసిల్లస్ రకం ప్రోబయాటిక్‌ను నీటిలో ఇస్తే, మేము ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడర్ దాన్ని చంపేస్తుంది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే మరో రకం బ్యాక్టీరియా సిద్ధబీజాలు (స్పోర్లు) పెల్లెట్ మేత తయారీ వేడిని కూడా చాలావరకు తట్టుకుంటాయి కనుక నా మొగ్గు అటే ఉంది. దాన్ని మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలా? మధ్యలో యాంటీబయాటిక్ తప్పనిసరైతే ఎన్ని రోజులు ఆగి మళ్లీ ఇవ్వాలి? కాక్సిడియోసిస్‌ను (పేగులో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) అదుపు చేయకుండా ఇది ఒక్కటే వాడితే ఫలితం ఉంటుందా? డెల్టాలో వానాకాలం బ్యాచ్‌లకు వాడి చూసినవారు, మేత ఖర్చు, బరువు, మరణాలు ఎలా మారాయో దయచేసి వివరంగా తెలియజేయగలరు.