టోపీ కింద నీడ: లైటుతో తీయాలా, ఫోటోషాప్‌లోనా?

టవర్‌క్లాక్ కెమెరా (అనంతపురం)
మాది అనంతపురంలో చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు, పుట్టినరోజులు, అంతే. పోయిన నెల ఆన్‌లైన్‌లో టోపీలు అమ్మే ఒకాయన అట్టపెట్టెలో 18 టోపీలు తెచ్చి, మోడల్‌ని కూడా ఆయనే మాట్లాడి, క్యాటలాగ్‌కు ఫోటోలు తీయమన్నాడు. గడ్డి టోపీలు, ఉన్ని ఫెల్ట్‌వి, చేటంత అంచున్నవి, రకరకాలు.

లైటు ఎప్పుడూ పెట్టినట్టే పెట్టా. పెద్ద సాఫ్ట్‌బాక్సు (లైటు మెత్తగా పడటానికి ముందు తెల్లగుడ్డ ఉన్న పెట్టె) ఒక పక్కగా, పైనుంచి. తీసి చూస్తే ముక్కు సగం దాకా నీడ, కళ్లు కనపడవు. ఎడిటింగ్‌లో లేపేద్దాంలే అనుకున్నా. మా తమ్ముడు రెండు రాత్రులు కూర్చుని ఫోటోషాప్‌లో నీడ లేపి 40 ఫోటోలు తయారు చేశాడు. పార్టీ చూసి ఒక్కటే మాట అన్నాడు: "మొహం ఒకరిది, టోపీ ఒకరిది అన్నట్టుంది." అడ్వాన్సు పోను మిగతా డబ్బు ఇంతవరకు రాలేదు. టోపీలు తెచ్చింది ఆయన, టోపీ పడింది మాకు.

ఇంకొంచెం ఓపిగ్గా ఎడిట్ చేస్తే సరిపోతుందని తమ్ముడంటాడు. తప్పంతా లైటుదే అని నాకనిపిస్తోంది. మీరేమంటారు?

బురుజు నీడలో (కర్నూలు)
తప్పు లైటుదే అన్నా, అనుమానమే లేదు. మనిషి కంట్లో చిన్న తెల్ల చుక్క మెరుస్తుంది చూడు, ఎదురుగా ఉన్న లైటు ప్రతిబింబం అది. టోపీ అంచు లైటును అడ్డుకుంటే ఆ చుక్క పడదు. నువ్వు ఫోటోషాప్‌లో స్లయిడర్ జరిపి కంటి చుట్టూ వెలుగు తెచ్చావే గాని చుక్క తేలేదు. అందుకే బొమ్మ కళ్లలా ఉంటాయి. ఇంకోటి, గడ్డం కింద నీడేమో పైనుంచి లైటు వచ్చిందని చెబుతోంది, నుదురేమో కిందినుంచి వచ్చిందంటోంది. చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది.

లైటును దాదాపు కంటి ఎత్తుకు దించు. మోడల్ ఒళ్లో ఒక థర్మాకోల్ షీటు పెట్టు. టోపీని వెనక్కి రెండు వేళ్లు జరుపు. అయిపోయింది, ఫోటోషాప్ తెరిచే పనే లేదు. లైటును కాస్త వెనక్కి కూడా జరుపు, టోపీ పైభాగానికీ గడ్డానికీ వెలుగులో తేడా తగ్గుతుంది.

లేయర్ మాస్క్ (కడప)
వెనక్కి జరిపితే నీడ అంచు గట్టిపడుతుంది, అది కూడా చెప్పు సామీ. సాఫ్ట్‌బాక్సు దగ్గరుంటేనే కదా మెత్తగా పడేది.

లైటు మరీ దించితే ఇంకో తంటా. ఫెల్ట్ మీద నూగు, గడ్డి అల్లిక కనపడాలంటే వెలుగు ఏటవాలుగా రావాలి. ఎదురుగా కొడితే నల్ల టోపీ పెనం మాడినట్టు ఒకటే మచ్చ. పార్టీ అమ్మేది టోపీ అయ్యా, మొహం కాదు. నేనైతే స్టాండు మీద కెమెరా కదలకుండా రెండు ఫ్రేములు తీస్తా. ఒకటి టోపీ కోసం, ఇంకోటి మొహం కోసం. తర్వాత కలుపుతా. రా ఫైల్, అంటే కెమెరా దిద్దకుండా ఇచ్చే ఫైల్, 14 బిట్లది, ఒక్కో రంగుకు 16,384 వెలుగు మెట్లు. మామూలు జేపెగ్ ఫోటోలో 256 మాత్రమే. టవర్‌క్లాక్ అన్నా, నువ్వు జేపెగ్ తీశావా? తీసి ఉంటే నీడ లేపగానే చుక్కలు చుక్కలుగా తేలి ఉంటుంది.

అయినా పెళ్లికూతురి వెనక లేని జలపాతం పెట్టి ఆల్బమ్ కొట్టే మనకు, టోపీ నీడ దగ్గరకొచ్చేసరికి ఇంత నీతి ఎందుకు?

టవర్‌క్లాక్ కెమెరా
జేపెగ్గే. తిట్టొద్దు.

పాత నెగటివ్ (ఆదోని)
నాయనా, మీరు పుట్టకముందు నుంచీ ఉన్న గొడవ ఇది. నేను స్టూడియోలో చేరినప్పుడు నాకిచ్చిన మొదటి పని నెగటివ్ మీద పెన్సిల్ గీయడం. మొహం మీది ముడతలు, కంటి కింద గుంతలు నెగటివ్‌లో పలచగా కనిపిస్తాయి. అక్కడ సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెడితే మందమవుతుంది, ప్రింటులో తెల్లబడుతుంది. వెనక నుంచి దీపం వెలుగు, కంటికి భూతద్దం. కాబట్టి ఎడిటింగ్ మోసమనే మాట నేను ఒప్పుకోను.

కానీ పెన్సిల్‌కు ముడత లొంగుతుంది, టోపీ నీడ లొంగదు. అది మా గురువుగారికి తెలుసు. యూనిఫాంలో పోలీసాయన ఫోటోకు వస్తే, ముందు టోపీ కాస్త పైకి నెట్టి, మోకాళ్ల మీద ఇస్త్రీ చేసిన తెల్లపంచె పరిచేవారు. ఆయన ఎంత సీరియస్‌గా కూర్చునేవాడో! ఫోటోలో పంచె కనపడదు, కళ్లు మాత్రం కనపడతాయి.

లేయర్ మాస్క్
పంచెకు దండం సార్. 18 టోపీలకు ఒకే రోజు అంటే మాత్రం నా ఓటు ఫోటోషాప్‌కే.

పౌడర్ డబ్బా (అనంతపురం)
నేను మేకప్ చేస్తాను. ఇందాకటి నుంచి చదువుతున్నా, అందరూ నీడ దగ్గరే ఆగిపోయారు. టవర్‌క్లాక్ అన్నా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నీడ లేపే వంకతో మీ తమ్ముడు ఆ అమ్మాయి రంగు కూడా లేపాడా లేదా? ఫోటోషాప్‌లో మొహం వరకే వేరుచేసి తెల్లగా చేసి, మెడ, చెవులు వదిలేసి ఉంటాడు. "మొహం ఒకరిది" అనిపించేది దానికే. పెళ్లి ఫోటోల్లో రోజూ చూస్తున్నా, గడ్డం కింద సరిహద్దు గోడ కట్టినట్టుంటుంది. తెల్లబరిచే క్రీముల ప్రకటనల్లోనే చామనఛాయ వాళ్లను తక్కువ చేసి చూపించొద్దని 2014లో ఏఎస్‌సీఐ (ప్రకటనలు హద్దు దాటకుండా చూసే సంస్థ) నియమాలు పెట్టింది. టోపీ అమ్మడానికి ఆ పిల్ల రంగు ఏం అడ్డమొచ్చింది?

ఇంకోటి. ఎండాకాలం అనంతపురంలో ఉన్ని టోపీ ముందు పెట్టారా? బిగుతు టోపీ తీస్తే నుదుటి మీద ఎర్రగా గాడి పడుతుంది, చాలాసేపు పోదు. వదులువి ముందు, బిగుతువి చివర. తలకు నూనె ఉంటే లోపల టిష్యూ పేపరు పెట్టాలి.

బురుజు నీడలో
అక్కా, మెడ సంగతి నాకు తట్టనే లేదు.

టవర్‌క్లాక్ కెమెరా
అక్క చెప్పాక తమ్ముడి ఫోటోషాప్ ఫైల్ తెరిచి చూశా. మొహానికి వేరే లేయర్ (పొర) ఉంది, దానికి తమ్ముడు పెట్టిన పేరు "గ్లో". ఆ ఒక్కటి ఆపేయగానే సగం తేడా పోయింది. అడిగితే "అందరూ చేసేదే కదన్నా" అన్నాడు. నిజమే, పోయిన ఏడాది దాకా నేనూ చేసిందే.

నిన్న పార్టీని బతిమాలి ఆరు టోపీలు మళ్లీ తీశా, ఈసారి రా ఫైల్. ఒళ్లో థర్మాకోల్, లైటు జానెడు కిందికి, వదులు టోపీలు ముందు. ఐదింటికి రంగు సరిచేయడం తప్ప ఇంకేం చేయలేదు. చేటంత అంచు గడ్డి టోపీకి మాత్రం ఎంత తిప్పలు పడినా నీడ పోలేదు, కడప తమ్ముడు చెప్పినట్టు రెండు ఫ్రేములు కలపాల్సి వచ్చింది. అప్పుడు కూడా నీడ మొత్తం తీయలేదు. మన ఊరి ఎండలో ఆ టోపీ కొనేవాడు కొనేదే నీడ కోసం, దాన్నే తుడిచేస్తే ఎట్లా అనిపించింది. పార్టీకి ఆ ఫోటోనే బాగా నచ్చింది. మిగతా పన్నెండు సోమవారం.

ఒక ఫెల్ట్ టోపీని మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు, మొదటి రోజే లోపల కొబ్బరినూనె మరక పడిందట. దాని ఖరీదు బిల్లులో కోసుకున్నాడు. ఇప్పుడది మా స్టూడియో గోడకు మేకు మీద వేలాడుతోంది. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్లు పిల్లలకు అది పెట్టి ఇంకో ఫోటో అడుగుతున్నారు.