రికార్డును నిజంగా తీసివేయాలా, తీసివేసినట్టు గుర్తు పెట్టి ఉంచాలా?

బెజవాడ_డెవలపర్:

మందుల టోకు వ్యాపారం చేసే ఒక సంస్థకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాము. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8. ఏ టేబుల్‌లోనూ డిలీట్ క్వెరీ (రికార్డును తీసివేసే ఆదేశం) నడపకూడదని మా బృందంలో మొదటినుంచీ ఒక నియమం ఉంది. ప్రతి టేబుల్‌లో ‘డిలీటెడ్_ఎట్’ అనే కాలమ్ ఉంటుంది; తీసివేయవలసిన రికార్డుకు అందులో తేదీ వేస్తాము, మిగిలిన క్వెరీలన్నీ ఆ కాలమ్ నల్‌గా, అంటే ఖాళీగా, ఉన్న రికార్డులనే చదువుతాయి. పోయిన నెలలో ఒక మందుల షాపు యజమాని ఖాతా మూయించుకుని, కొన్ని వారాలకు మళ్లీ తెరవమని వచ్చారు. ఫోన్ నంబరు మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువను రెండుసార్లు రానివ్వని కట్టడి) ఉన్నందువల్ల పాత రికార్డు అడ్డుపడి డూప్లికేట్ ఎర్రర్ వచ్చింది. ఇండెక్స్‌ను ఫోన్, డిలీటెడ్_ఎట్ రెండు కాలమ్‌ల మీద కలిపి పెట్టాము. ఎర్రర్ పోయింది కానీ, ఇప్పుడు ఒకే ఫోన్ నంబరుతో వాడుకలో ఉన్న ఖాతాలే రెండు కనిపిస్తున్నాయి. ఇండెక్స్‌ను సరిచేసుకుంటే చాలునా, నియమాన్నే మార్చుకోవాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత_డీబీఏ:

ముందు మీ ఇండెక్స్ సంగతి. యూనిక్ ఇండెక్స్ దృష్టిలో ఒక నల్ మరొక నల్‌తో సమానం కాదు. వాడుకలో ఉన్న ఖాతాలన్నింటికీ డిలీటెడ్_ఎట్ నల్‌గానే ఉంటుంది కాబట్టి, ఒకే నంబరుతో ఎన్ని ఖాతాలు తెరిచినా ఆ ఇండెక్స్ అడ్డుచెప్పదు. అంటే మీరు ఎవరికోసమైతే ఆ కట్టడి పెట్టారో, సరిగ్గా వారికే అది పనిచేయడం మానేసింది. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో అయితే డిలీటెడ్_ఎట్ నల్‌గా ఉన్న రికార్డులకు మాత్రమే వర్తించే పాక్షిక ఇండెక్స్ పెట్టవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ సౌకర్యం లేదు. అయితే 8.0.13 నుంచి ఫంక్షన్ మీద ఇండెక్స్ పెట్టవచ్చు కాబట్టి, రికార్డు వాడుకలో ఉంటే ఫోన్ నంబరును, లేకపోతే నల్‌ను ఇచ్చే కేస్ వాక్యం మీద యూనిక్ ఇండెక్స్ కట్టండి. దానికి ముందు ఇప్పటికే రెండుగా పడిన ఖాతాలను కలుపుకోవాలి, లేకపోతే ఇండెక్స్ తయారు కాదు.

ఇక అసలు ప్రశ్న. నా అభిప్రాయంలో మీ నియమమే తప్పు. రికార్డు ఉన్నదా లేదా అన్నది డేటాబేస్ తనంతట తాను చెప్పగలిగిన విషయం. దానిని ఒక కాలమ్‌లోకి మార్చిన రోజునుంచి, ఆ కాలమ్‌ను చూడవలసిన బాధ్యత క్వెరీ రాసే ప్రతి ఒక్కరి మీదా పడుతుంది. ఒక టేబుల్ రికార్డును మరో టేబుల్ రికార్డుకు ముడివేసే ఫారిన్ కీ కూడా మీకు సాయం చేయదు. బిల్లులున్న ఖాతాను నిజంగా డిలీట్ చేయబోతే ఫారిన్ కీ ఆపుతుంది. డిలీటెడ్_ఎట్‌లో తేదీ వేస్తే దాని లెక్కలో అది మామూలు అప్‌డేట్, ఏమీ అనదు.

నేను స్వయంగా చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ప్రతి ఖాతాదారుకు ఎన్ని ఆర్డర్లు ఉన్నాయో చూపే నివేదిక కోసం ఖాతాదారుల టేబుల్‌ను ఆర్డర్లతో లెఫ్ట్ జాయిన్ చేసి (ఆర్డరు లేని ఖాతాదారులనూ ఉంచే కలయిక ఇది), ‘ఆర్డర్ డిలీటెడ్_ఎట్ నల్ అయి ఉండాలి’ అన్న షరతును టేబుళ్లను ఎలా కలపాలో చెప్పే ఆన్ భాగంలో కాక, కలిపాక వడకట్టే వేర్ భాగంలో రాశాను. ఒక్క ఆర్డరు కూడా ఇవ్వనివారు నివేదికలో సున్నాతో కనిపించారు, ఎందుకంటే జాయిన్‌లో వారి ఆర్డరు కాలమ్‌లన్నీ నల్‌గా వచ్చి షరతును దాటాయి. ఆర్డర్లు ఇచ్చి, అవన్నీ రద్దయినవారు మాత్రం నివేదికలోనుంచే మాయమయ్యారు. ఎర్రర్ రాలేదు, హెచ్చరిక రాలేదు. ఒక శాఖ మేనేజరు తన పాత ఖాతాదారు పేరు లేదేమని అడిగేవరకు నాలుగు నెలలు ఆ నివేదికనే అందరూ నమ్మారు. పదిహేను టేబుళ్లలో ఆ కాలమ్ ఉంటే ఇటువంటి తప్పు దొర్లగలిగిన చోట్లు వందల్లో ఉంటాయి.

లెక్కల_సాఫ్ట్‌వేర్:

పాత_డీబీఏ గారు చెప్పిన పొరపాటు నిజమైనదే, కానీ దానినుంచి వారు తీసిన నిర్ణయంతో నేను ఏకీభవించలేను. నేను కంపెనీల ఖాతాల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. 2023 ఏప్రిల్ 1నుంచి మన దేశంలో కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ ఎడిట్ లాగ్ (మార్పుల చిట్టా) ఉండాలి, దానిని ఆపివేసే వీలు ఉండకూడదు. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. ఈ పరిస్థితిలో డిలీట్ క్వెరీ రాయమని ఒక యువ డెవలపరుకు ఎలా చెప్పగలం? వేర్ మరచిపోయిన డిలీట్ ఒక్కటి చాలు, టేబుల్ మొత్తం ఖాళీ అవుతుంది. తీసివేసిన గుర్తును మళ్లీ చెరపడం ఒక్క అప్‌డేట్‌తో అయ్యే పని. బ్యాకప్‌నుంచి ఒక ఖాతాను, దాని చిరునామాలను, బకాయిలను వెతికి తెచ్చి తిరిగి కలపడం ఒక రాత్రి పని.

షరతు మరచిపోతామన్న భయానికి మందు ఉన్నది. అసలు టేబుల్ మీద ఎవరికీ నేరుగా సెలెక్ట్ (చదివే) అనుమతి ఇవ్వకుండా, వాడుకలో ఉన్న రికార్డులను మాత్రమే చూపే వ్యూ (టేబుల్‌లాగే చదవగలిగే, ముందే రాసి పెట్టిన క్వెరీ) ఒకటి కట్టి, నివేదికలు రాసేవారికి ఆ వ్యూ మీదనే అనుమతి ఇవ్వండి. మీరు చెప్పిన లెఫ్ట్ జాయిన్ తప్పు కూడా అప్పుడు జరగదు, ఎందుకంటే జాయిన్‌కు ముందే రద్దయినవి వడకట్టబడి ఉంటాయి.

పాత_డీబీఏ:

వ్యూ గురించి మీరు చెప్పినది సరైన మాట. అసలు టేబుల్ మీద అనుమతి తీసివేయాలన్న భాగం మరీ ముఖ్యం. నేను చూసిన చోట్ల వ్యూ కట్టి, అనుమతి మాత్రం వదిలివేశారు, తొందరలో ఉన్నవారు మళ్లీ టేబుల్‌నే చదివారు. ఈ సంగతి నా మొదటి జవాబులోనే చెప్పి ఉండవలసింది.

కానీ మీ ఉదాహరణే నా వాదనను బలపరుస్తున్నదని అనుకుంటున్నాను. ఎడిట్ లాగ్ ఉండాలంటే ఏ మార్పు, ఎప్పుడు జరిగిందో తెలియాలి. డిలీటెడ్_ఎట్ కాలమ్ చెప్పేది ఒక్క తేదీ మాత్రమే. ఖాతాను ఒకసారి మూసి, తెరిచి, మళ్లీ మూస్తే మొదటి మూసివేత ఆనవాలే మిగలదు. ఇక రద్దయిన బిల్లు తొలగిపోయిన బిల్లు కాదు. దానికి నంబరుంటుంది, రద్దు చేసిన తేదీ ఉంటుంది, కారణం ఉంటుంది. అది ‘రద్దు’ అనే స్థితిలో ఉన్న బిల్లు. అటువంటిదాన్ని డిలీట్ చేయమని నేను ఎన్నడూ అనను. మూసివేసిన ఖాతా కూడా అంతే. వ్యాపారంలో ఆ స్థితికి ఒక పేరు ఉన్నప్పుడు, ఆ పేరుతోనే స్థితి కాలమ్ పెట్టాలి. మందుల షాపు యజమాని తిరిగి వచ్చినప్పుడు కొత్త ఖాతా తెరవడం కాక, పాత ఖాతా స్థితిని మార్చడమే సహజమైన పని. అప్పుడు ఫోన్ నంబరు ఇండెక్స్‌ను ముట్టుకోవలసిన అవసరమే రాదు.

నిజంగా డిలీట్ చేయవలసినవి వేరు: పొరపాటున రెండుసార్లు ఎక్కించిన చిరునామా, సగంలో వదిలిన ఆర్డరు చిత్తు, కాలం తీరిన ఓటీపీ. వీటిలో చరిత్ర కావలసినవాటికి చరిత్ర టేబుల్ వేరుగా పెట్టి, ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు) అక్కడికి చేర్చి ఇక్కడ తీసివేయాలి. పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్‌కు, తీసిన రికార్డులను తిరిగి ఇచ్చే రిటర్నింగ్ చేర్చి విత్ భాగంలో ఉంచితే, తీసిన రికార్డులను అదే క్వెరీలో చరిత్ర టేబుల్‌లోకి ఇన్‌సర్ట్ చేయవచ్చు. మైఎస్‌క్యూఎల్ 8లో డిలీట్‌కు రిటర్నింగ్ లేదు కాబట్టి డిలీట్‌కు ముందు దానంతట అది నడిచే బిఫోర్ డిలీట్ ట్రిగ్గర్ రాయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: ఒక రికార్డును తీస్తే దానికి ముడిపడినవాటినీ తీసివేసే ఫారిన్ కీ క్యాస్కేడ్ వల్ల పిల్ల టేబుల్‌లో పోయే రికార్డులకు మైఎస్‌క్యూఎల్ 8లో ట్రిగ్గర్ నడవదు. క్యాస్కేడ్ మీద ఆధారపడితే చరిత్ర సగమే మిగులుతుంది. పిల్ల రికార్డులను ముందుగా మీరే డిలీట్ చేయాలి.

లెక్కల_సాఫ్ట్‌వేర్:

రద్దు వేరు, తొలగింపు వేరు అన్న విభజనను అంగీకరిస్తున్నాను. మా టేబుళ్లలో చాలావాటికి ‘స్థితి’ అన్న పేరే సరిపోతుంది. చరిత్ర టేబుల్ విషయంలో మాత్రం నా సందేహం తీరలేదు. అసలు టేబుల్‌కు ఒక కాలమ్ చేర్చిన ప్రతిసారీ చరిత్ర టేబుల్‌కూ, ట్రిగ్గర్‌కూ చేర్చాలి. ఆ మూడింటినీ ఏళ్ల తరబడి తప్పకుండా కలిపి నడిపిన బృందాన్ని నేను చూడలేదు.

హైదరాబాద్_క్లినిక్_యాప్:

రోగుల సమాచారంతో పనిచేసేదానిగా ఒక విషయం చేరుస్తాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన సమాచారాన్ని చెరిపివేయమని అడిగే హక్కును వ్యక్తికి ఇచ్చింది, వేరే చట్టం ఉంచమన్నవి తప్ప. డిలీటెడ్_ఎట్‌లో తేదీ వేసి, పేరును, ఫోన్ నంబరును అలాగే ఉంచి, చెరిపివేశామని ఆ మనిషికి చెప్పడం అబద్ధమే అవుతుంది. ఇదే ప్రశ్న పాత_డీబీఏ గారి చరిత్ర టేబుల్‌కూ వర్తిస్తుంది: అక్కడికి చేర్చిన నకలును ఎవరు, ఎప్పుడు తీస్తారు? మేము బిల్లుల టేబుల్‌ను ముట్టుకోకుండా, రోగి టేబుల్‌లో పేరు, ఫోను, చిరునామా కాలమ్‌లను చెరిపి, రోగి గుర్తింపు నంబరు మాత్రం మిగిలిస్తున్నాము. చరిత్ర టేబుల్‌లోనూ అదే అప్‌డేట్ అదే ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది.

బెజవాడ_డెవలపర్:

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు మా పదకొండు టేబుళ్లను ఒక్కొక్కటిగా చూశాము. ఖాతాదారులు, బిల్లులు, రసీదులు, సరఫరాదారులు అన్న నాలుగింటికి డిలీటెడ్_ఎట్ తీసి స్థితి కాలమ్ పెడుతున్నాము. చిత్తు ఆర్డర్లు, ఓటీపీలు ఇకమీదట నిజంగానే డిలీట్ అవుతాయి. చిరునామాల దగ్గర మా బృందంలో ఇంకా ఏకాభిప్రాయం రాలేదు, ఎందుకంటే పాత బిల్లులు చిరునామా టేబుల్‌నే చూపుతున్నాయి. బిల్లు వేసిన నాటి చిరునామాను బిల్లులోనే రాసి ఉంచవలసిందని ఇప్పుడు అర్థమవుతున్నది. రెండుగా పడిన ఖాతాలు ఏడు జతలున్నాయి. వాటి బకాయిలను కలిపే క్వెరీని రేపు ముందుగా బ్యాకప్ నకలు మీద నడిపి చూస్తాము.