లాబీయింగ్ లెక్క ఎవరు చెప్పాలి: తలుపు తట్టినవారా, తెరిచినవారా?

నిలువుటద్దం:
ప్రభుత్వ నిర్ణయాలు తమకు అనుకూలంగా ఉండేలా మంత్రులను, అధికారులను ఒప్పించే ప్రయత్నమే లాబీయింగ్. దాని మీద చట్టాలు తెచ్చిన దేశాలు ఎక్కువగా చేసే పని, లాబీయిస్టు అంటే ఎవరో నిర్వచించి వాళ్ల పేర్లు నమోదు చేయడం. లొసుగంతా ఆ నిర్వచనంలోనే ఉంది. బ్రిటన్ 2014 చట్టం చూడండి. డబ్బు తీసుకుని ఇతరుల తరఫున మంత్రులతో మాట్లాడే సలహాదారులే నమోదు కావాలి, సంస్థ సొంత ఉద్యోగులకు అక్కర్లేదు. 2021లో గ్రీన్‌సిల్ అనే ఆర్థిక సంస్థ వ్యవహారం బయటపడింది. మాజీ ప్రధాని డేవిడ్ కామెరాన్ ఆ సంస్థ కోసం మంత్రులకు నేరుగా ఫోను సందేశాలు పంపారని తేలింది. ఆయన ఆ సంస్థ ఉద్యోగి కనుక నమోదు అవసరమే లేదన్నారు లాబీయిస్టుల రిజిస్ట్రార్. అంత జరిగినా ఆ చట్టం ప్రకారం తప్పు లేదు!

అమెరికాలో 1995 చట్టానిదీ అదే దారి. ఒక క్లయింటు కోసం చేసే పనిలో లాబీయింగ్ 20 శాతం సమయానికి చేరకపోతే ఆ వ్యక్తి లాబీయిస్టు కాడు. గంటలు లెక్కపెట్టి తప్పించుకోవడం ఎంతసేపు?

అందుకే నేను 2014 నాటి చిలీ చట్టం వైపు. ఎవరు కలిశారో, ఏ విషయం మీదో, ఏ కానుకలిచ్చారో అక్కడ అధికారులే ప్రకటించాలి. అధికారం ఎవరి చేతిలో ఉంటే లెక్క చెప్పే బాధ్యతా వాళ్లదే.

మల్లెపందిరి:
నిలువుటద్దం గారూ, మీ కోపం న్యాయమైనదే కానీ మీరు చెప్పిన పరిష్కారంతో నాకు పేచీ ఉంది. నేను రోగుల సంఘంలో పనిచేస్తాను. జీతం తీసుకునేది ఇద్దరమే. ప్రతి భేటీ బయటపెట్టాలంటే జాగ్రత్తపరుడైన అధికారి ముందుగా మాలాంటి వాళ్లనే కలవడం మానేస్తాడు. పెద్ద కంపెనీ ప్రతినిధి మాత్రం విందులోనో పెళ్లిలోనో ఆయన పక్క కుర్చీలోనే ఉంటాడు. నమోదు భారం కూడా మామీదే ఎక్కువ పడుతుంది. ఐర్లండ్ 2015 చట్టంలో నమోదు నియమం వర్తించాలంటే మామూలు సంస్థలకు పది మందికి మించి ఉద్యోగులుండాలి, సమస్యల మీద పోరాడే సంఘానికైతే పూర్తికాలపు ఉద్యోగి ఒక్కరున్నా చాలు. నాలుగు నెలలకోసారి వివరాలు దాఖలు చేయాలి. ఇద్దరమే ఉన్నచోట ఆ పని ఎవరు చేస్తారు?

పాతఫైలు:
నేను చాలా ఏళ్లు ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముసాయిదాలు టైపు చేశాను. ఒకసారి ఒక నిబంధనలో "తప్పనిసరిగా" అన్న మాట సాయంత్రానికి "వీలైనంతవరకు" అయింది. పై నుంచి వచ్చిన కాగితం మీద ఆ మాట చుట్టూ పెన్సిల్ గీత ఉంది, అంతే. ఎవరు అడిగారో, ఎందుకు మార్చారో ఫైలులో ఒక్క ముక్క లేదు. ఆ రోజు నేను మారు మాట్లాడకుండా టైపు చేశాను. ఆ పెన్సిల్ గీత ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

కాబట్టి నా మాట: ఒక్క వైపు లెక్క చాలదు. కెనడాలో పెద్ద పదవుల్లో ఉన్నవారితో ముందుగా ఏర్పాటు చేసుకున్న సంభాషణలను లాబీయిస్టులు నెలనెలా ప్రకటించాలి. అది నిజమేనా అని లాబీయింగ్ కమిషనర్ ఆ అధికారినే అడగవచ్చు. రెండు చిట్టాలు పక్కపక్కన పెడితే దాచినది బయటపడుతుంది. పదవి దిగాక ఐదేళ్లు లాబీయింగ్ చేయకూడదన్న నిషేధమూ ఉంది. కానీ అడిగే అధికారం ఉంటే సరిపోదు, ప్రతిసారీ అడగాలి. దానికి సిబ్బంది కావాలి. చట్టం చేసినవాళ్లు నిధుల దగ్గర చెయ్యి బిగిస్తే అది గోడకు వేలాడే తాళమే.

నిలువుటద్దం:
పాతఫైలు గారూ, ఒప్పుకుంటున్నాను, రెండు చిట్టాలూ ఉండాలి. మల్లెపందిరి గారూ, చిన్న సంఘాలకు దాఖలు భారం తగ్గిద్దాం, అధికారి చిట్టాలో మాత్రం మీ భేటీ కూడా ఉండనివ్వండి. కంపెనీని ఇరవైసార్లు, రోగులను ఒక్కసారి కలిశారని రుజువు చేయడానికి మీకు ఉండే కాగితం అదొక్కటే. విందుల సంగతి తేలలేదు, నిజమే. ఎక్కడ కలిసినా, ఫోనులో రాసినా, నిర్ణయం గురించి మాట వస్తే మర్నాటికల్లా ఫైలుకెక్కాలని రాస్తే ఎలా ఉంటుంది? పాతఫైలు గారూ, మీరున్నచోట అది అమలయ్యేదా?