కుడి చెవి నరంపై గడ్డ: ఎడమ చెవి వినికిడి గురించి సందేహం

ప్రశ్న: మా అమ్మగారికి 62 ఏళ్లు. కుడి వైపు వినికిడి నరం దగ్గర 2.6 సెంటీమీటర్ల గడ్డ ఉందని ఎమ్మారైలో తేలింది, వచ్చే నెలలో ఆపరేషన్. కుడి చెవి వినికిడి దక్కదని వైద్యులు ముందే చెప్పారు. అయితే ఏ లోపమూ లేదనుకున్న ఎడమ చెవి కూడా ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష గీతలో) 4000 హెర్ట్జ్ దగ్గర 45 డెసిబెళ్లకు పడిపోయి, అంటే అంతకన్నా మెల్లని శబ్దం వినబడనట్లు కనిపించడంతో మాకు భయం పట్టుకుంది. గడ్డ అటువైపు పాకిందా? కుడి చెవికి 55 డెసిబెళ్లని రాశారు గానీ, ఆ చెవి దగ్గర ఫోను పెడితే ఆవిడకు ఒక్క మాట కూడా అర్థం కావడం లేదు.

జవాబు (వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టు): అమ్మా, ఈ గడ్డ క్యాన్సర్ కాదు, ఒక చెవి నుంచి మరో చెవికి పాకదు. రెండు వైపులా గడ్డలు రావడం ఎన్ఎఫ్2 అనే జన్యు వ్యాధి లక్షణం. ఎమ్మారై రిపోర్టులో ఎడమ నరం మామూలుగా ఉందని రాసి ఉంటే ఆ అనుమానం అక్కర్లేదు. ఈ వయసులో 4000 హెర్ట్జ్ లాంటి కీచు ధ్వనులు మాత్రమే వినబడటం తగ్గడం చాలావరకు వయసు ప్రభావమే. గడ్డ పెద్దదై మెదడు కాండాన్ని నొక్కినప్పుడు శబ్దానికి నరం, మెదడు కాండం స్పందించే తీరును తరంగాలుగా చూపే బెరా పరీక్షలో ఎడమ వైపు తరంగాలు కూడా ఆలస్యంగా రావచ్చు, అంతమాత్రాన ఎడమ చెవి చెడిందని అనుకోకండి.

నన్ను ఆలోచింపజేసింది ఆ 55 డెసిబెళ్ల సంగతి. హెడ్‌ఫోనులో కుడి చెవికి ఇచ్చిన శబ్దం సుమారు 40 డెసిబెళ్లు దాటితే పుర్రె ఎముక మీదుగా ఎడమ చెవికి చేరగలదు కాబట్టి, ఎడమ చెవిలో మాస్కింగ్ శబ్దం (ఆ చెవి దాన్ని వినకుండా చేసే హోరు) పెట్టకపోతే కుడి చెవి బదులు ఎడమ చెవే విని జవాబు చెబుతుంది. అయితే ఈ గడ్డల్లో పరీక్షలోని బీప్ శబ్దాలు వినబడుతూనే మాటలు అర్థం కాకపోవడమూ మామూలే. ఏది నిజమో మీ రిపోర్టే చెబుతుంది: కుడి చెవి గీత మీద సున్నా ఆకారపు గుర్తులుంటే మాస్కింగ్ చేయలేదు, త్రిభుజాలుంటే చేశారు.

ప్రశ్న: అన్నీ సున్నాలేనండీ.

జవాబు: అయితే ఆపరేషన్‌కు ముందే మాస్కింగ్‌తో పరీక్ష మళ్లీ చేయించి, రెండు చెవులకూ మాటల గుర్తింపు శాతం కూడా రాయించుకోండి. కుడి చెవి ఇప్పటికే పనిచేయడం లేదని తేలితే, ఇన్నాళ్లూ భారమంతా ఎడమ చెవే మోసిందన్న మాట. ఆ చెవిని కాపాడుకోవాలి: ఏ మందు రాసేటప్పుడైనా వినే చెవి ఒక్కటేనని చెప్పండి, ముఖ్యంగా జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్ల విషయంలో. ఆపరేషన్ తరువాత ఎడమ చెవి వినికిడి తగ్గడం అరుదు, కానీ జరిగిన సందర్భాలున్నాయి. హఠాత్తుగా తగ్గినట్లు అనిపిస్తే ఆ రోజే చూపించండి, స్టెరాయిడ్ చికిత్సకు ఆలస్యం పనికిరాదు.

ఇంట్లో ఇప్పటి నుంచే ఆవిడకు ఎడమ పక్కన కూర్చుని మాట్లాడండి.