ఈజీజీలో ఆడగొంతుల సిగ్నల్ సరిగా రావట్లేదు, మీరెలా తీస్తున్నారు?

స్వరరేఖ: నమస్కారం అండి. భాషాశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. ‘బావి’, ‘భావి’ అనేటప్పుడు స్వరతంత్రులు ఎలా అదురుతాయో ఈజీజీతో, అంటే మెడకు రెండు పక్కలా ఎలక్ట్రోడ్లు పెట్టి సన్నని కరెంటు పంపే ఎలక్ట్రోగ్లాటోగ్రాఫ్‌తో కొలుస్తున్నాను. మగవాళ్లవి చక్కగా వస్తున్నాయి. ఆరుగురు ఆడవాళ్లలో నలుగురికి గీత దాదాపు చదునుగా ఉంది. గడువు దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది. మెషీన్ పాడైందంటారా?

గొంతుఅల: మెషీన్ కాకపోవచ్చండి. మగవాళ్లకు కంఠమణి కనిపిస్తుంది కాబట్టి ఎలక్ట్రోడ్లు సరైన చోటే పడతాయి. ఆడవాళ్లకు ఉజ్జాయింపుగా పెట్టేస్తాం. ‘ఊఁ’ అనమని, వేలితో తడిమి, అదురు బాగా తెలిసే చోట రెండు పక్కలా పెట్టండి. వాళ్ల స్వరపేటిక చిన్నది, సిగ్నల్ సహజంగానే తక్కువ. జెల్ కొంచెమే రాయండి. రెండు వైపుల జెల్ కలిసిపోతే కరెంటు చర్మం మీద నుంచే పోతుంది. నేను రెండు రోజులు అలాగే పాడుచేసుకున్నాను.

మాటమందు: నేను స్పీచ్ థెరపిస్టుని. ఈజీజీ చెప్పేది తంత్రులు ఎంతమేర తాకుతున్నాయన్నదే. తాకితే కరెంటుకు దారి దొరుకుతుంది, విడిపోతే తగ్గుతుంది. ఎంత వెడల్పున తెరుచుకున్నాయో అందులో తెలియదు. నిజంగా ‘భ’ పలికినప్పుడు అవి పూర్తిగా మూసుకోక గాలి జారుతుంది. అక్కడ గీత చిన్నదైతే తప్పు కాదమ్మా, అదే మీ ఫలితం. కాకపోతే మామూలు మాటల్లో మనవాళ్లు చాలామంది ‘భ’ని ‘బ’గానే అనేస్తారు, అది చూసుకోండి.

స్ట్రోబోస్కోపీ, అంటే మిణుకుమనే లైటుతో తంత్రుల అదురును కెమెరాలో చూడడం, దాని జోలికి వెళ్లకండి. ఆ లైటు ఒక్కో అదురులో కాస్త ఆలస్యంగా వెలిగి, వేర్వేరు అదురుల ముక్కలు కూర్చి నెమ్మదిగా కదిలినట్టు చూపిస్తుంది. బొంగురు గొంతులో అదురు లయ తప్పితే బొమ్మే నిలవదు. పైగా నోట్లో గొట్టం ఉంటే ‘ఈ’ అని సాగదీయడం తప్ప మాట్లాడలేరు.

ధ్వనిపిచ్చి: మా కాలేజీలో ఈజీజీ లేదు. శ్రీరామమూర్తి, యజ్ఞనారాయణ గార్లు 2008లో ప్రచురించిన జీరో ఫ్రీక్వెన్సీ ఫిల్టరింగ్ అనే పద్ధతితో, మాట రికార్డింగ్ నుంచే తంత్రులు మూసుకునే క్షణాలు పడుతున్నాను. ముందు సీఎంయూ ఆర్కిటిక్ అనే మాటల రికార్డింగుల డేటాతో సరిచూశాను, అందులో మాటతోపాటు ఈజీజీ కూడా ఉంది. రెండూ పోల్చేటప్పుడు ఆలస్యం లెక్కేయండి. గొంతు నుంచి మైకు దాకా 34 సెంటీమీటర్లుంటే శబ్దం చేరడానికి దాదాపు 1 మిల్లీసెకను. సెకనుకు 200 సార్లు అదిరే గొంతులో ఒక్కో అదురు 5 మిల్లీసెకన్లే. ఐదో వంతు తేడా వచ్చేస్తుంది.

స్వరరేఖ: ఎలక్ట్రోడ్లను ఒక వేలి మందం పైకి జరిపితే ముగ్గురివి స్పష్టంగా వచ్చాయి! ధన్యవాదాలు. నాలుగో ఆమె మింగినప్పుడల్లా గీత మొత్తం ఊగుతోంది.

గొంతుఅల: స్వరపేటిక పైకీ కిందికీ కదలడం వల్ల అది. 20 హెర్ట్జ్ కంటే తక్కువది ఫిల్టర్‌తో తీసేయండి. అసలు ఫైలు మాత్రం దాచుకోండి.