అప్‌డేట్: షుగర్ తగ్గాక చూపు మసకబారింది అని అడిగాను కదా

మందులు మొదలుపెట్టాక షుగర్ తగ్గుతోంది, చూపు మాత్రం మసకబారుతోంది, కళ్లద్దాలు మార్చాలా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కంటి డాక్టర్‌ని కలిశాను.

అద్దాలు ఇప్పుడే వద్దన్నారు. షుగర్ బాగా పెరిగినా, త్వరగా తగ్గినా కంటి లెన్స్‌లో నీరు అటూ ఇటూ అయి దాని ఆకారం కాస్త మారుతుందట. పవర్ నిలవనిది అందుకే. షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాక చూపించుకోమన్నారు. ఇప్పటికే అక్షరాలు కొంచెం తేటగా కనిపిస్తున్నాయి.

టెన్షన్ పెట్టిన విషయం వేరే. కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేసి రెటీనా (కంటి లోపల వెనకవైపు పొర) చూస్తే సన్నని రక్తనాళాలు అక్కడక్కడ ఉబ్బి ఉన్నాయి. డయాబెటిక్ రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనా రక్తనాళాలు దెబ్బతినడం) తొలిదశ. మసకకు కారణం ఇది కాదు, ఈ దశలో మామూలుగా మనకేమీ తెలియదట. మాక్యులాలో (రెటీనా మధ్యభాగంలో) వాపు లేదని, రెటీనా పొరలు చూపే ఓసీటీ స్కాన్‌లో తేలింది కాబట్టి ఇంజెక్షన్లు, లేజర్ ప్రస్తుతానికి అక్కర్లేదు. బీపీ, కొలెస్ట్రాల్ కూడా అదుపులో ఉంచుకోవాలి. షుగర్ వేగంగా తగ్గితే రెటినోపతీ మొదట్లో కొంత ముదరొచ్చు, అందుకని ఏడాది ఆగకుండా ముందే రమ్మన్నారు. మందులు మాత్రం ఆపొద్దన్నారు. కళ్ల ముందు నల్లచుక్కలు హఠాత్తుగా ఎక్కువైనా, తెర అడ్డుపడినట్టున్నా వెంటనే వెళ్లాలి.

అన్నట్టు, ఈ పరీక్షకు బండి మీరే నడుపుకుంటూ వెళ్లకండి. చుక్కల మందు ప్రభావంతో కొన్ని గంటలు వెలుగు చూడలేం.